వంటింటి వ్యర్థాల నుంచి వంటగ్యాస్: డ్రమ్ము పైకి లేస్తోంది, మంట మాత్రం నిలవడం లేదు

ప్రశ్న (రాసినవారు: తొలియత్నం)

అందరికీ నమస్కారం. వంటింట్లో మిగిలిపోయే పదార్థాలు, కూరగాయల తొక్కలు చెత్తకుప్పకు చేరకుండా మళ్లీ పొయ్యి దగ్గరికే ఇంధనంగా తిరిగి రావాలన్న కోరికతో, రెండు నెలల క్రితం 1,000 లీటర్ల నీళ్ల ట్యాంకులో దానికంటే కాస్త చిన్న ట్యాంకును బోర్లించి, తేలే డ్రమ్ము పద్ధతిలో ఒక బయోగ్యాస్ తొట్టి కట్టుకున్నాను. పేడను సమానంగా నీళ్లతో కలిపి, గడ్డీగాదం తీసేసి, సుమారు 700 లీటర్లు నింపాను. మొదటి వారంలో వచ్చిన వాయువు అంటుకోలేదు. మూడో వారంలో ఒక సాయంత్రం నీలిమంట వచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ పొయ్యి చుట్టూ చేరి, అది ఆరిపోయేదాకా చూస్తూ నిలబడ్డాం.

ఆ ఉత్సాహంలోనే నేను తొందరపడ్డానని ఇప్పుడు అనుమానంగా ఉంది. రోజుకు ఒక కిలోతో మొదలుపెట్టినవాణ్ణి, పొరుగిళ్లవాళ్లు కూడా తమ వ్యర్థాలు ఇవ్వడంతో, వారం తిరిగేసరికి ఐదారు కిలోలకు పెంచాను. ఆపైన ఒక విందులో మిగిలిపోయిన 20 కిలోల పదార్థాలను మెత్తగా రుబ్బి ఒకే రోజున పోసేశాను. మర్నాటికి డ్రమ్ము ఎన్నడూ లేనంత ఎత్తుకు లేచింది. అయితే బర్నర్ తిప్పి అగ్గిపుల్ల దగ్గర పెడితే, మంట రావడానికి బదులు పుల్లే ఆరిపోతోంది. బయటికి పొర్లే ద్రవం పులిసిన వాసన వస్తోంది. పీహెచ్ కాగితం ముంచి చూస్తే 5.5 దగ్గరి రంగు తేలింది.

తొట్టి మొత్తం ఖాళీ చేసి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టక తప్పదా? వాడేసిన వంటనూనె, ప్లాస్టిక్ కవర్లు, పాత కాగితాలు కూడా ఇంట్లో పోగుపడుతున్నాయి. వాటినీ ఇంధనంగా మార్చుకునే దారి ఏదైనా ఉందా? చివరిగా, ఇంత శ్రమకు తగ్గ ఫలితం నిజంగా దక్కుతుందా అన్నది కూడా అనుభవం ఉన్నవారు దాచకుండా చెప్పాలని కోరుతున్నాను.

సమాధానం 1 (రాసినవారు: నీలిమంట)

తొట్టిని ఖాళీ చేయకండి. అందులో ఇంకా ప్రాణం ఉంది. మీ దగ్గర వాయువు తగ్గలేదు, వాయువులో మండే భాగమైన మీథేన్ తగ్గింది. ఇప్పుడు డ్రమ్మును ఎత్తుతున్నది ఎక్కువగా బొగ్గుపులుసు వాయువు. అది మండదు, మంటను ఆర్పుతుంది. మీ అగ్గిపుల్ల ఆరిపోవడమే అందుకు సాక్ష్యం.

ఎందుకిలా జరిగిందో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ ఒక్క విషయం పట్టుబడితే ఇక మీ తొట్టి చాలాకాలం ఇబ్బంది పెట్టదు. మనం వేసిన పదార్థం మీథేన్‌గా మారడానికి నాలుగు దశలు దాటాలి. ముందు పెద్ద అణువులు నీటిలో కరిగే చక్కెరలుగా, ఇతర చిన్న అణువులుగా తెగుతాయి. తర్వాత అవి రకరకాల ఆమ్లాలుగా మారతాయి. ఆ ఆమ్లాలు ముఖ్యంగా అసిటిక్ ఆమ్లంగా, హైడ్రోజన్‌గా, బొగ్గుపులుసు వాయువుగా విడిపోతాయి. చివరి దశలో మీథేన్ తయారుచేసే సూక్ష్మజీవులు వాటిని తిని మనకు కావలసిన వాయువును వదులుతాయి. మొదటి దశల్లో పనిచేసే జీవులు గంటల వ్యవధిలో రెట్టింపవుతాయి, రుబ్బి మెత్తగా చేసిన పిండిపదార్థం దొరికితే ఇక వాటికి పట్టపగ్గాలుండవు. చివరి దశలోని జీవులు రెట్టింపు కావడానికి రోజులు పడుతుంది. ఒకే రోజున 20 కిలోలు పోసేసరికి వండేవారు వందమంది, తినేవారు ఇద్దరు అన్నట్టు తయారైంది లోపలి పరిస్థితి. ఆమ్లం పేరుకుపోయింది, పీహెచ్ పడిపోయింది. 6.5 కంటే కిందికి దిగితే మీథేన్ జీవులు మందగిస్తాయి. అవి మందగించిన కొద్దీ ఆమ్లం ఇంకా పేరుకుంటుంది. అవి హాయిగా ఉండేది 6.8కీ 7.4కీ మధ్య.

ఈ జీవులు గాలి సోకని చోట నెమ్మదిగా బతకడానికి అలవాటుపడ్డవి. 1776లో అలెస్సాండ్రో వోల్టా మజ్జోరే సరస్సు ఒడ్డున బురదను కర్రతో కెలికి, పైకి వచ్చిన బుడగలను పట్టి, ఆ వాయువు మండుతుందని చూపించాడు. ఆ బురద అడుగున ఉండే జీవుల బంధువులే పశువుల కడుపులోనూ ఉంటాయి. మనం మొదట పేడ పోసేది ఆహారంగా కాదు, తోడుగా. పాలకు తోడు వేసి రాత్రంతా కదపకుండా వదిలేసినట్టే, తొట్టికి కూడా దాని సమయం దానికి ఇవ్వాలి.

ఇక చేయవలసిన పని. ఇవాళ్టి నుంచి మేత పూర్తిగా ఆపేయండి, ఒక్క గుప్పెడు కూడా వేయవద్దు. దొరికితే 40, 50 లీటర్ల తాజా పేడనీళ్లు, అంతకంటే మంచిది బాగా నడుస్తున్న మరో తొట్టి నుంచి తెచ్చిన స్లర్రీ (లోపలి చిక్కటి ద్రవం), కలపండి. పీహెచ్ 6కు దిగువనే ఉండిపోతే తినే సోడాను నీళ్లలో కరిగించి, కొద్దికొద్దిగా, రోజు విడిచి రోజు, ప్రతిసారీ కాగితం ముంచి చూస్తూ పోయండి. సోడా ఆమ్లంతో కలిసి నురగ తెస్తుంది కనుక ఒకేసారి కుమ్మరిస్తే పొంగి బయటికి వస్తుంది. కొందరు సున్నం వేయమంటారు. నేను వద్దంటాను, ఎందుకంటే సున్నం పీహెచ్‌ను ఒక్కసారిగా పైకి లాగుతుంది, బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని అడుగున గట్టి పొరగా దిగబడుతుంది. రెండు నుంచి నాలుగు వారాలు ఓపిక పట్టండి. పీహెచ్ 6.8 దాటి, మంట ఊగిసలాడకుండా వరుసగా మూడు రోజులు నిలిస్తే అప్పుడు రోజుకు అరకిలోతో మళ్లీ మొదలుపెట్టండి, వారానికి మరో అరకిలో మించకుండా పెంచండి.

మీ పరిమాణం తొట్టికి రోజుకు రెండు కిలోలు సుఖమైన మేత. తొట్టి కుదురుకుని, వాతావరణం వెచ్చగా ఉంటే మూడు. అంతకుమించి ఆశపడవద్దు. వేసే ప్రతి కిలోకు ఒకటి నుంచి రెండు లీటర్ల నీళ్లు కలపండి. లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల దగ్గర ఉంటే బాగా పనిచేస్తుంది; 20కి దిగితే సగం నిద్రపోతుంది, 15కు దిగితే దాదాపు ఆగిపోతుంది, కాబట్టి చలి రోజుల్లో మేత కూడా తగ్గించాలి. నిమ్మజాతి పండ్ల తొక్కలు ఎక్కువగా వేయవద్దు, వాటిలోని లిమొనీన్ అనే నూనె ఈ జీవులకు విషం. గుడ్డు పెంకులు, ఎముకలు, గట్టి టెంకలు జీర్ణం కావు, అడుగున చేరి తొట్టి లోతును తినేస్తాయి. గిన్నెలు తోమిన సబ్బునీళ్లు అసలే పోయకండి.

సమాధానం 2 (రాసినవారు: గొట్టాల మేస్త్రి)

పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. తొట్టి ఎలాగూ రెండు మూడు వారాలు విశ్రాంతిలో ఉంటుంది కనుక, ఆలోగా గొట్టాల పని సరిచూసుకోండి. లోపం లోపలి జీవులదో బయటి పైపులదో తెలియక బాగున్న తొట్టిని పాడుచేసుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

తొట్టి నుంచి వచ్చే వాయువు తడిగా ఉంటుంది. రాత్రి గొట్టం చల్లబడగానే ఆ ఆవిరి నీరై, గొట్టం ఎక్కడ కిందికి వంగి ఉంటే అక్కడ చేరుతుంది. ఇప్పుడు వాయువు ఆ నీటిని తోసుకుంటూ రావాలి. బర్నర్ దగ్గర మంట ఎగిసి, తగ్గి, మళ్లీ ఎగిసి, గుడగుడమని చప్పుడు చేస్తూ పసుపు రంగుకు తిరుగుతుంది. అలాంటి మంట కనిపిస్తే పీహెచ్ జోలికి పోకుండా ముందు గొట్టం చూడండి. గొట్టం మొత్తం ఒకే వైపుకు వాలేటట్టు బిగించి, అన్నిటికంటే పల్లంగా ఉన్న చోట T ఆకారంలో ఉండే టీ జాయింటు పెట్టి, దాని కిందికాలును నీళ్లు నింపిన సీసాలో ముంచితే, చేరిన నీరు తనంతట తానే సీసాలోకి దిగిపోతుంది. ఆ కాలు నీళ్లలో మునిగే లోతు మీ డ్రమ్ము ఒత్తిడికి మించి ఉండాలి, లేకపోతే వాయువు సీసాలోంచి బుడగలుగా పోతుంది. తేలే డ్రమ్ములో ఒత్తిడి మామూలుగా 8 నుంచి 10 సెంటీమీటర్ల నీటిమట్టానికి సమానం, కాబట్టి 25 సెంటీమీటర్ల లోతు చాలు.

మరో మాట బర్నర్ గురించి. సిలిండర్ గ్యాసు రెగ్యులేటరు దాటాక సుమారు 30 సెంటీమీటర్ల నీటిమట్టమంత ఒత్తిడితో వస్తుంది, పైగా దాని ఉష్ణశక్తి చాలా ఎక్కువ. అందుకే ఆ పొయ్యి జెట్టు రంధ్రం సూదిమొనంత సన్నగా ఉంటుంది. మన వాయువు నెమ్మదిగా వస్తుంది, దానిలో మీథేన్ సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా మాత్రమే ఉంటుంది. పాత పొయ్యిని అలాగే తగిలిస్తే మంట చిన్నబోతుంది, లేదా జెట్టు నుంచి ఎగిరిపోతుంది. బయోగ్యాస్ కోసమే చేసిన బర్నర్ కొనుక్కోవడం మేలు. పాతదానికే రంధ్రం పెద్దది చేయిస్తే, ఆ తర్వాత దానికి సిలిండరు గ్యాసు ఎన్నటికీ తగిలించకూడదు. ఆ జెట్టు మీద ఏదైనా రంగు పూసి గుర్తు పెట్టండి.

కుళ్లిన గుడ్ల వాసన హైడ్రోజన్ సల్ఫైడ్ అనే గంధకపు వాయువుది. అది రాగిని, ఇత్తడిని తినేస్తుంది, గాఢత పెరిగితే మనిషికీ ప్రమాదమే. ఎక్కువ మోతాదులో అది ముక్కును మొద్దుబారుస్తుంది కనుక వాసన ఆగిపోయిందంటే వాయువు పోయిందని అర్థం కాదు. గొట్టం మధ్యలో ఒక వెడల్పాటి పైపుముక్క పెట్టి దాన్ని ఇనుప రజనుతో గానీ తుప్పుపట్టిన ఇనుప పీచుతో గానీ వదులుగా నింపితే గంధకం అక్కడే ఆగి, పీచు నల్లబడుతుంది. గిన్నెలు తోమే మెరిసే స్టీలు పీచు తుప్పు పట్టదు, అది ఇందుకు పనికిరాదు. నల్లబడ్డ పీచును మార్చేటప్పుడు ఆరుబయటే తీసి, తడిపి ఉంచండి. గాలి తగలగానే అది వేడెక్కుతుంది, ఎండుగా ఉంటే రాజుకోవచ్చు కూడా.

భద్రత విషయంలో మొహమాటం వద్దు. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు నిప్పు తగిలితే పేలుతుంది. అందుకే కొత్తగా నింపిన డ్రమ్ములో గాలి కలిసి ఉన్నప్పుడు మొదటి వాయువును వెలిగించి చూడకూడదు. ఇప్పుడు మీ డ్రమ్ములో ఉన్న మండని వాయువును ఇంటికి, నిప్పుకు దూరంగా ఆరుబయట వదిలేయండి. జాయింట్లకు సబ్బునురగ పూసి బుడగలు వస్తున్నాయేమో చూడండి, అగ్గిపుల్లతో మాత్రం వెతకవద్దు. బర్నర్‌కు ముందు వాయువు నీళ్లలోంచి బుడగలుగా వచ్చేటట్టు ఒక సీసా పెడితే, ఎప్పుడైనా మంట గొట్టంలోకి వెనక్కి పరుగెత్తినా ఆ నీళ్ల దగ్గర ఆగిపోతుంది. ఈ సీసాలో మాత్రం గొట్టం కొన నీళ్లలో ఒక సెంటీమీటరుకు మించి మునగకూడదు, ఎంత లోతు మునిగితే అంత ఒత్తిడి పోతుంది.

సమాధానం 3 (రాసినవారు: తూకంరాళ్లు)

నేను మీ రెండో ప్రశ్నకు జవాబు చెబుతాను. పునరుత్పాదక ఇంధనం అన్న మాటను మనం చెత్త నుంచి వచ్చే ప్రతి ఇంధనానికీ అంటగట్టేస్తున్నాం, అది సరికాదని నా గట్టి అభిప్రాయం. కూరగాయ తొక్కలో ఉన్న కార్బన్ కొద్ది నెలల క్రితం మొక్క గాలిలోంచి తీసుకున్నది. దాన్ని మండిస్తే అది మళ్లీ గాలికే చేరుతుంది, వచ్చే పంట మళ్లీ తీసుకుంటుంది. ప్లాస్టిక్ కవరులోని కార్బన్ భూగర్భం నుంచి తవ్వి తీసిన పెట్రోలియంలోది. కవరును నూనెగా మార్చి మండించినా అది శిలాజ ఇంధనమే, మధ్యలో కొన్నాళ్లు సంచిగా ఉపయోగపడింది, అంతే.

ఆపైన, ప్లాస్టిక్‌ను నూనెగా మార్చాలంటే గాలి చొరబడని పాత్రలో 400 నుంచి 500 డిగ్రీల దాకా వేడిచేయాలి. పాత్రలో ఎక్కడ చిన్న లోపమున్నా ఆ వేడి ఆవిరి గాలి తగలగానే అంటుకుంటుంది. కవర్ల మధ్య ఒక్క పీవీసీ (క్లోరిన్ ఉండే ప్లాస్టిక్) ముక్క కలిసినా హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిరిగా వస్తుంది. ఇంటి పెరట్లో ఎవరూ చేయకూడని పని ఇది. వీడియోలు చూసి ప్రయత్నించవద్దని చేతులు జోడించి చెబుతున్నాను. కడిగి, ఆరబెట్టి, రీసైక్లింగుకు ఇవ్వడమే దానికి దారి.

వాడేసిన వంటనూనె సంగతి వేరు. అది మొక్కలనుంచి వచ్చిందే కనుక నిజంగా పునరుత్పాదకమే. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజను వేరుశనగ నూనెతో నడిచింది. అయితే నూనె చిక్కగా ఉంటుంది, నేటి ఇంజన్ల సన్నని ఇంజెక్టర్లలో పేరుకుని గడ్డకడుతుంది. అందుకే దాన్ని మిథనాల్‌తో, క్షారంతో చర్య జరిపించి బయోడీజిల్‌గా మారుస్తారు. నూనె బరువులో పదోవంతు దాకా గ్లిజరిన్ అడుగున విడిగా దిగుతుంది. పదేపదే కాచిన నూనెలో స్వేచ్ఛా ఆమ్లాలు ఎక్కువ, వాటి వల్ల బయోడీజిల్‌కు బదులు సబ్బు తయారవుతుంది. మిథనాల్ తాగితే చూపు పోతుంది, ప్రాణమూ పోవచ్చు. అంటుకుంటే పగటి వెలుగులో దాని మంట కంటికి దాదాపు కనబడదు. కనుక నూనెను వడగట్టి డబ్బాలో పోగుచేసి, సేకరించేవారు ఉంటే వారికివ్వండి. ఆ నూనెను మీ తొట్టిలోనే వేయవచ్చుగదా అనిపిస్తుంది. కొవ్వు కిలోకు సిద్ధాంతపరంగా సుమారు 1,000 లీటర్ల మీథేన్ ఇవ్వగలదు, ఎండు పిండిపదార్థం ఇచ్చేది 415 లీటర్లే. కానీ కొవ్వు విడిపోయి వచ్చే పొడవాటి ఆమ్లాలు మీథేన్ జీవుల ఒంటికి పూతలా పట్టి వాటిని అణిచేస్తాయి, పైన మందపాటి తెట్టు కడుతుంది. తొట్టి పూర్తిగా కోలుకున్నాక, గిన్నెల అంచున మిగిలే చెంచాడు నూనెకు భయపడనవసరం లేదు, గరిటెలతో మాత్రం పోయకండి.

కాగితం గురించి చెప్పవలసింది తక్కువ. శుభ్రంగా ఉన్నది మళ్లీ కాగితంగా మారడమే మంచిది. జిడ్డు పట్టినదాన్ని చింపి కొద్దిగా తొట్టిలో వేస్తే, నత్రజని మరీ ఎక్కువైనప్పుడు కార్బన్‌ను సమం చేయడానికి పనికొస్తుంది. కార్బన్ నత్రజనికి 20 నుంచి 30 రెట్లు ఉండాలన్నది సాధారణ లెక్క.

సమాధానం 4 (రాసినవారు: ఎరువుగుంట)

ఫలితం దక్కుతుందా అన్న ప్రశ్నకు అంకెలతోనే జవాబిస్తాను. ఇంటి తొట్టిలో కిలో వ్యర్థానికి సుమారు 100 లీటర్ల వాయువు వస్తుంది. రోజుకు రెండు కిలోలంటే 200 లీటర్లు. గంటకు 250 నుంచి 400 లీటర్లు తీసుకునే చిన్న బర్నర్ మీద అది అరగంట నుంచి ముప్పావుగంట. ఉష్ణశక్తి లెక్కన అది దాదాపు 90 గ్రాముల సిలిండరు గ్యాసుకు సమానం, నెలకు మూడు కిలోలలోపే. ఇంటి వంట మొత్తం దీనితోనే అవుతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఉదయం కాచుకునే నీళ్లు, పాలు, ఒక పూట వంటలో కొంత మాత్రం దీనితో జరుగుతాయి.

ఇంధనంతోపాటు వచ్చే రెండోదాన్ని కూడా లెక్కలో వేయాలి. వేసిన పదార్థంలోని నత్రజని, భాస్వరం, పొటాష్ దాదాపు అంతా బయటికి వచ్చే ద్రవంలోనే ఉంటాయి. నత్రజనిలో ఎక్కువ భాగం అమ్మోనియం రూపంలోకి మారుతుంది కనుక మొక్కలు త్వరగా అందుకుంటాయి, చిక్కగా పోస్తే వేర్లు మాడతాయి. నేను ఒక వంతుకు ఐదు వంతుల నీళ్లు కలిపి సాయంత్రం పూట పోస్తాను. మీ పులిసిన ద్రవాన్ని మాత్రం ఇప్పుడు మొక్కలకు పోయకండి.

ఒక్క విషయంలో నా అభిప్రాయం మిగతావారికి భిన్నం. రోజుకు అరకిలో వ్యర్థం కూడా రాని ఇంటికి తొట్టి అక్కర్లేదు, ఎరువుగుంట చాలు. మీథేన్ గాలిలో కలిస్తే 100 ఏళ్ల లెక్కన బొగ్గుపులుసు వాయువుకంటే సుమారు 28 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. కారే తొట్టిని నిర్లక్ష్యంగా నడపడంకన్నా గాలి బాగా తగిలే ఎరువుగుంట ఎంతో నయం. మీరు వాయువును పోగుచేసి, మండించి వాడుకుంటున్నంతకాలం ఈ మాట మీకు వర్తించదు.

తొలియత్నం (26 రోజుల తర్వాత)

అందరికీ కృతజ్ఞతలు. మేత ఆపేసి, 45 లీటర్ల తాజా పేడనీళ్లు పోశాను. సోడా మూడుసార్లు వేయవలసి వచ్చింది. మొదటి పదిహేను రోజులు డ్రమ్ము ఒక వేలెడు కూడా లేవకపోతే అంతా పోయిందనుకున్నాను. పదహారో రోజు కాగితం 6.4 చూపింది, ఇరవయ్యో రోజుకు 6.9. పులిసిన వాసన పోయి పశువుల కొట్టం దగ్గర వచ్చేటటువంటి వాసన తిరిగి వచ్చింది, నాకది ఎంత ఊరటనిచ్చిందో మాటల్లో చెప్పలేను.

గొట్టం విషయంలో మేస్త్రిగారు చెప్పింది అక్షరాలా నిజమైంది. ఊడదీసి వంచితే పావులీటరు పైగా నీళ్లు వచ్చాయి. అంటే మొదటి నీలిమంట రోజుల్లో అప్పుడప్పుడు మంట ఊగిసలాడింది అందుకేనన్నమాట. టీ జాయింటు, నీళ్ల సీసాలు రెండూ పెట్టాను. ప్లాస్టిక్ ఆలోచన మానుకున్నాను, నూనెను డబ్బాలో వేరుగా పోస్తున్నాను.

నాలుగు రోజులుగా ఒక్కరోజు కూడా తప్పకుండా మంట నిలుస్తోంది. తొట్టి ఖాళీ కడుపుతో ఇన్నాళ్లూ పోగుచేసుకున్న వాయువు కావచ్చు, నిన్న ఉదయం రెండు లీటర్ల నీళ్లు కాగాక కూడా బర్నర్ ఇంకా వెలుగుతూనే ఉంది. ఇవాళ అరకిలో తొక్కలు చిన్నగా తరిగి, ముప్పావులీటరు నీళ్లతో వేశాను. పొరుగిళ్లవాళ్లకు పరిస్థితి వివరించి, వచ్చే నెలదాకా వ్యర్థాలు తేవద్దని చెప్పాను. వచ్చే వారం కిలోకు పెంచే ముందు మళ్లీ పీహెచ్ చూసి ఇక్కడ రాస్తాను.